పనంతా ఆడవాళ్ళదే, మరి ఆ గుండ్రంలో ఒక్క ఆడమనిషీ లేదేం? (యూటా, మోర్మన్ చర్చి)

లెహై_వదిన
అమెరికాలో యూటా రాష్ట్రానికి వచ్చి ఏడాది కావస్తోంది. ఆయనకి లెహైలో ఉద్యోగం, హెచ్4 డిపెండెంట్ వీసా మీద నాకు ఇల్లే ఉద్యోగం. పోయిన నెల రెండో కాన్పు. అమ్మకి వీసా స్లాట్ దొరకలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు సాయంత్రం ఐదున్నరకి బెల్ మోగింది. చూస్తే పక్క వీధి ఆవిడ, చేతిలో అల్యూమినియం రేకు కప్పిన గాజు గిన్నె. మర్నాడు ఇంకొకావిడ. పది రోజులు వరసగా వచ్చారు. ఫోన్‌లో సైనప్ షీట్ పెట్టుకుని ఏ రోజు ఎవరు వండాలో రాసుకున్నారట. పైన "మాంసం వద్దు, గుడ్డు వద్దు" అని కూడా ఉంది. మేం వాళ్ళ మోర్మన్ చర్చికి వెళ్ళం, ఆ మాట మొదట్లోనే చెప్పాం కూడా. అయినా వచ్చారు. మొహమాటానికి టీ పెడతానంటే మాత్రం తాగం అన్నారు, వాళ్ళ మతంలో కూడదట.

ఇదంతా చూసేది రిలీఫ్ సొసైటీ అనే వాళ్ళ ఆడవాళ్ళ సంఘమట. సరే, మొన్న ఆదివారం ఆ పక్క వీధి ఆవిడే తన మనవరాలికి పేరు పెట్టి దీవిస్తున్నారు రమ్మంటే వెళ్ళాను. తండ్రి, తాతలు, బాబాయిలు, స్నేహితులు ఏడెనిమిది మంది మగాళ్ళు గుండ్రంగా నిలబడి, తలా ఒక చెయ్యి పిల్ల కింద పెట్టి ఊపుతూ ప్రార్థన చేశారు. కన్నతల్లి మూడో వరసలో బెంచీ మీద కూర్చుని చూస్తోంది. పాలు తాగే పిల్ల, ఏడిస్తే తల పక్కకి తిప్పి తల్లి కోసం వెతుకుతోంది. నాకు కడుపులో ఎలాగో అయింది.

ఇన్ని పనులు చేసేవాళ్ళు ఆ గుండ్రంలో ఎందుకు లేరు? వాళ్ళకి బాధగా ఉండదా? ఇంకోటి, నా కిచెన్‌లో ఏడు గాజు గిన్నెలున్నాయి. అడుగున మాస్కింగ్ టేప్ మీద ఎవరి ఇంటిపేరు వాళ్ళు రాసుకున్నారు. ఇవి ఎలా తిరిగివ్వాలి?

పప్పుచారు_99
మూడో ప్రశ్నకి జవాబు: ఖాళీ గిన్నె ఇవ్వకండి. మొదటి రెండూ పెద్దలకి వదిలేస్తున్నా.

సాల్ట్‌లేక్_శీను
తొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉన్నాను, చుట్టూ వాళ్ళే. ముందు ఒకటి తెలుసుకోండి. వాళ్ళ వార్డులో, అంటే మన పేట సంఘం అనుకోండి, జీతం తీసుకునే పాస్టర్ ఉండడు. వార్డుని చూసే మా బిషప్ పళ్ళ డాక్టరు. కొన్నేళ్ళు చేసి దిగిపోతాడు, ఇంకొకడు వస్తాడు. ఎవరికి ఏ పని చెబితే అది చేస్తారు, దాన్ని కాలింగ్ అంటారు. ఆడవాళ్ళకీ కాలింగ్స్ ఉంటాయి: రిలీఫ్ సొసైటీ, పిల్లల ప్రైమరీ, ఆడపిల్లల విభాగం. సభలో ఉపన్యాసం ఇస్తారు, ప్రార్థన చేస్తారు.

యాజకత్వం, అంటే దేవుడి పేరున విధులు చేసే అధికారం, మాత్రం మగవాళ్ళకే. అది పన్నెండేళ్ళు నిండే ఏడాదిలో మొదలవుతుంది. ఆదివారం రొట్టె, నీళ్ళు పంచేది ఆ కుర్రాళ్ళే. మనవడు వరస మొదట్లో నిలబడి ట్రే అందిస్తాడు, అమ్మమ్మ అందుకుని పక్కవాళ్ళకి ఇస్తుంది. ఆ నిలబడే పని అమ్మమ్మకి లేదు.

పప్పుచారు_99
పన్నెండేళ్ళప్పుడు మా అమ్మ నా చేత రసం గిన్నె కూడా మోయనిచ్చేది కాదు.

సికింద్రాబాద్_సిస్టర్
నేను సభ్యురాలిని, హైదరాబాద్‌లోనే. మొదట ఒక మాట: మమ్మల్ని మోర్మన్లు అనొద్దని 2018లో అప్పటి మా ప్రవక్త రసెల్ నెల్సన్ చెప్పారు. యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం అనాలి. పెద్ద పేరే, తెలుసు. రిలీఫ్ సొసైటీని తెలుగులో ఉపశమన సమాజం అంటాం.

ఇది యూటా వాళ్ళ గొడవే అనుకోకండి. సమోవాలో ఉద్యోగం చేసుకుంటున్న ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు అక్కడ మా సంఘంలో చేరి, 1978 డిసెంబర్‌లో హైదరాబాద్ వచ్చి సొంత బంధువులకే చెప్పారు. ఇరవై రెండు మంది బాప్తిస్మం తీసుకున్నారు. భారతదేశంలో మొదటి స్టేక్ (కొన్ని వార్డులు కలిసిన పెద్ద విభాగం) 2012లో హైదరాబాద్‌లోనే వచ్చింది. రాజమండ్రి, విశాఖల్లో కూడా ఉన్నాం.

బాధ ఉండదా అన్నారు. నా సంగతి చెబుతాను. మా అమ్మ పోయినప్పుడు బంధువులు సగం మంది రాలేదు, మతం మారామని కోపం. అమ్మకి స్నానం చేయించి, ఆలయ వస్త్రాలు తొడిగింది మా ఉపశమన సమాజం సిస్టర్స్. ఆడమనిషికి ఆ పని మామూలుగా ఆడవాళ్ళే చేస్తారు, మగవాళ్ళు గదిలోకి రాలేదు. ఒకావిడ అమ్మ జుట్టు దువ్వుతూ చిక్కు తగిలినప్పుడల్లా "నొప్పి పుట్టిందా ఆంటీ" అని అడిగింది. అలవాటు కొద్దీ వచ్చిన మాట. ఆ రోజు నాకు యాజకత్వం ఎవరికుందో అని ఆలోచన రాలేదు.

లెహై_వదిన
@సికింద్రాబాద్_సిస్టర్ చదివి ఏడుపొచ్చింది. నొప్పించాలని అడగలేదండి.

కామెంట్_కామేశ్వరి
కన్నీళ్ళు సరే, ప్రశ్న అలాగే ఉంది కదా. శవానికి స్నానం చేయించడానికి ఆడవాళ్ళు, పిల్లని దీవించడానికి మగవాళ్ళు. మా ఇంట్లోనూ అంతే: వంట అమ్మది, సంకల్పం నాన్నది. మతం పేరు మారిందంతే.

చరిత్ర_పిచ్చోడు
రిలీఫ్ సొసైటీని మొదలుపెట్టిందే ఆడవాళ్ళు, ఆ కథ బాగుంటుంది. ఇలినాయ్‌లో నావూ అనే ఊరు, 1842. ఆలయం కడుతున్నారు. శారా కింబాల్ అనే ఆవిడ, ఆమె దగ్గర కుట్టుపని చేసే మార్గరెట్ కుక్ కలిసి కూలీలకి చొక్కాలు కుట్టిద్దాం అనుకున్నారు. బట్ట నాది, కుట్టు నీది అని ఒప్పందం. ఇరుగుపొరుగు కూడా కలిశారు. సంఘం పెడదామని ఎలైజా స్నో చేత నియమావళి రాయించారు. మార్చి 17న చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ దుకాణం మేడ మీద ఇరవై మంది ఆడవాళ్ళతో సభ. ఆయన భార్య ఎమ్మాని అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. రెండేళ్ళలో వెయ్యి మంది దాటారు.

తర్వాత జోసెఫ్ హత్య, ఆయన తర్వాత చర్చి పెద్ద అయిన బ్రిగమ్ యంగ్ ఆ సంఘాన్ని ఆపేయడం, వలస, యూటా. మళ్ళీ 1860ల చివర్లో ఎలైజా స్నో ఊరూరా తిరిగి నిలబెట్టింది. 1872 నుంచి ఆడవాళ్ళే నడిపిన పత్రిక. 1882లో ఆడవాళ్ళు నడిపే ఆసుపత్రి. ఆడవాళ్ళని తూర్పు రాష్ట్రాలకి పంపి డాక్టర్లుగా చదివించారు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు జబ్బుపడ్డ ఆడవాళ్ళ తల మీద నూనె రాసి, చేతులుంచి దీవించేవాళ్ళు. 20వ శతాబ్దంలో అది మెల్లగా ఆగిపోయింది. అంటే @లెహై_వదిన గారూ, మీరడిగిన గుండ్రంలో ఒకప్పుడు కొంత చోటు ఉండేది.

వడ్లగింజ
ఒక్క మగాడు ఎందరో పెళ్ళాల్ని చేసుకోగలిగే కాలంలో ఆడవాళ్ళ ఉద్ధరణా? ఎవరికి చెబుతున్నారు?

చరిత్ర_పిచ్చోడు
@వడ్లగింజ అక్కడే ఉంది తమాషా. యూటా 1870 ఫిబ్రవరి 12న ఆడవాళ్ళకి ఓటు ఇచ్చింది. రెండు రోజులకే సెరాఫ్ యంగ్ అనే బడిపంతులమ్మ ఓటేసింది. ఓటిస్తే ఆడవాళ్ళే బహుభార్యాత్వాన్ని పడగొడతారని వాషింగ్టన్‌లో కొందరి ఆశ. పడగొట్టలేదు. దాంతో 1887లో కాంగ్రెసే ఆ ఓటు లాగేసుకుంది. చర్చి 1890లో కొత్తగా అలాంటి పెళ్ళిళ్ళు ఆపుతున్నామని ప్రకటించింది, 1896లో యూటా రాష్ట్రం అయినప్పుడు ఓటు తిరిగొచ్చింది. మన మద్రాసు ప్రెసిడెన్సీలో ఆడవాళ్ళకి ఓటు 1921లో.

ఇక మార్తా హ్యూస్ కానన్. డాక్టరు. ఒకాయనకి నాలుగో భార్య. 1896లో రాష్ట్ర సెనేట్‌కి డెమొక్రాట్‌గా పోటీ చేసింది, అదే బ్యాలెట్ మీద ఆమె భర్త రిపబ్లికన్‌గా ఉన్నాడు. ఆమె గెలిచింది, ఆయన ఓడాడు. అమెరికాలో మొదటి మహిళా రాష్ట్ర సెనేటర్ ఆవిడే.

పప్పుచారు_99
ఆ రాత్రి ఆయనకి భోజనం ఎవరు పెట్టారో రికార్డుల్లో ఉందా?

వడ్లగింజ
మిగతా భార్యలు ఉన్నారుగా.

మోడరేటర్_బాబాయ్
ఇక్కడితో ఆపండి. జోకులు ఒకరి నమ్మకం మీదకి పోతే పోస్టు తీసేస్తా.

నంద్యాల_నవీన
మేం సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా). మా నంద్యాల డయాసిస్‌కి 2013లో పుష్పలలిత అమ్మగారు బిషప్ అయ్యారు, సీఎస్‌ఐలో మొదటి మహిళా బిషప్. మా నాయనమ్మకి నచ్చలేదు, "ఆడమనిషి రొట్టె ఇస్తే తీసుకోవడమేంది" అంది. ఆరునెలలకి అదే నాయనమ్మ ముందు వరసలో కూర్చుంది. చెప్పొచ్చేదేమిటంటే ఇస్తే అలవాటవుతుంది. అమెరికాలో ఉండి వీళ్ళకి ఇంకా కుదర్లేదా?

సికింద్రాబాద్_సిస్టర్
@నంద్యాల_నవీన పుష్పలలిత గారంటే నాకూ గౌరవమే. కానీ మా దగ్గర యాజకత్వం ఉద్యోగం కాదు, అడిగి తెచ్చుకునేదీ కాదు, దేవుడు చెబితేనే మారుతుంది. నల్లజాతి మగవాళ్ళకి 1850ల నుంచి 1978 దాకా ఇవ్వలేదు, ఆ ఏడు ప్రకటన వచ్చింది, ఇచ్చారు. ఆడవాళ్ళ విషయంలో రాలేదు. మార్పులే లేవనీ కాదు. 2019 నుంచి బాప్తిస్మానికి ఆడవాళ్ళు సాక్షులుగా నిలబడొచ్చు. 2012లో మిషనరీ వయసు అమ్మాయిలకి 21 నుంచి 19కి తగ్గించారు.

ఆలయంలో ఆడవాళ్ళకి జరగాల్సిన కొన్ని విధులు ఆడవాళ్ళే చేస్తారు, అది బయటివాళ్ళకి తెలియదు. 2014లో అప్పటి అపొస్తలుడు డాలిన్ ఓక్స్ గారు స్పష్టంగానే చెప్పారు, కాలింగ్‌లో ఉన్న స్త్రీ చేసేది యాజకత్వ అధికారంతోనే అని.

మాజీ_మిషనరీ_వైజాగ్
చదివి ఊరుకుందామనుకున్నా, ఆ చివరి మాట ఊరుకోనివ్వలేదు.

నేను పద్దెనిమిది నెలలు మిషన్, అంటే మత ప్రచార సేవ, చేశాను. మగపిల్లలకి రెండేళ్ళు, మాకు ఏడాదిన్నర. నల్ల నేమ్ ట్యాగ్, మోకాళ్ళ కింది దాకా స్కర్టు, ఎప్పుడూ జంటగా. ఒక కుటుంబానికి నేనూ నా కంపానియనూ ఐదు నెలలు చెప్పాం. ఆటో దొరక్క వానలో నడిచిన రోజులున్నాయి. ఆ ఇంటావిడకి చదవడం రాదు, వాక్యం వాక్యం చదివి వినిపించాం. ఆయన తాగుడు మానడానికి మూడు నెలలు పట్టింది. ఫోన్ చేసి "సిస్టర్, ఈ రోజూ ముట్టలేదు" అనేవాడు. బాప్తిస్మం రోజు వచ్చింది. నీళ్ళలోకి దిగింది ఎవరనుకున్నారు? రెండు వారాల క్రితం ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన పంతొమ్మిదేళ్ళ ఎల్డర్, అంటే మగ మిషనరీ. ఆవిడ పేరు సరిగ్గా పలకలేక రెండోసారి ముంచాల్సి వచ్చింది. నేను ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

ఆ తువ్వాలు ఇప్పటికీ గుర్తు, ఆకుపచ్చ అంచు. అధికారం నాకు ఉందని చెప్పడం తేలికే @సికింద్రాబాద్_సిస్టర్ అక్కా. తువ్వాలు పట్టుకునే అధికారం.

ఇప్పుడు వెళ్ళట్లేదు. కోపంతో కాదు, కోపం కూడా ఉందనుకోండి.

కామెంట్_కామేశ్వరి
తువ్వాలు పట్టుకునే అధికారం! ఈ ఏడాదికి ఈ థ్రెడ్ చాలు నాకు.

సికింద్రాబాద్_సిస్టర్
@మాజీ_మిషనరీ_వైజాగ్ ఆ ఆవిడ మిమ్మల్ని గుర్తుపెట్టుకుందా, ఆ ఎల్డర్‌నా?

మాజీ_మిషనరీ_వైజాగ్
నన్నే. ప్రతి సంక్రాంతికి ఫోన్ చేస్తుంది. అది నాకూ తెలుసక్కా. అందుకే ఇంత రాశాను.

సాల్ట్‌లేక్_శీను
నా భార్య స్నేహితురాలు ఇక్కడ రిలీఫ్ సొసైటీ ప్రెసిడెంట్‌గా చేసింది. జీతం లేదు. ఉద్యోగం చేస్తూనే, వారానికి పది పదిహేను గంటలు ఈ పని. ఎవరింట్లో బియ్యం, సారీ, పిండి అయిపోయిందో వెళ్ళి చూసి, బీరువాలు తెరిచి లెక్క రాసుకుంటుంది. చర్చి స్టోర్‌హౌస్ నుంచి సరుకులకి ఫారం నింపేది ఈవిడే. సంతకం బిషప్‌ది. ఒకసారి ఆయన ఊళ్ళో లేడు, నాలుగు రోజులు ఆ ఇంటికి సరుకు ఆగింది. చివరికి ఈవిడే సొంత డబ్బుతో కాస్ట్‌కోకి వెళ్ళింది. బిషప్ మంచివాడే, తిరిగొచ్చి క్షమించమన్నాడు. అయినా నాకు అర్థంకానిది అదే, చూసొచ్చిన మనిషి సంతకం ఎందుకు చాలదు?

చరిత్ర_పిచ్చోడు
@సాల్ట్‌లేక్_శీను సంతకం మాటెత్తారు కాబట్టి గోధుమల కథ.

1876లో బ్రిగమ్ యంగ్ కరువు రోజులకి ధాన్యం దాచమని ఆడవాళ్ళకి చెప్పాడు, మగవాళ్ళకి చెప్పి చెప్పి విసిగిపోయి. ఎమ్మెలిన్ వెల్స్ అనే ఆవిడ ఆ పని చేతిలోకి తీసుకుంది. చేతిలో డబ్బు లేని ఆడవాళ్ళు కోతలయ్యాక పొలాల్లో పరిగె ఏరారు. అచ్చంగా మన పరిగే, కొంగు బదులు గోనె. సొంత గాదెలు కట్టించారు. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపానికి అక్కణ్ణించే పిండి పంపారు. తర్వాతి ఏడాది చైనా కరువుకి కూడా.

మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వానికి గోధుమలు కావాల్సొచ్చాయి. 1918లో రెండు లక్షల బుషెళ్ళకి (బుషెల్ అంటే ధాన్యం కొలత) పైగా అమ్మారు. అయితే ఇస్తామని మాటిచ్చింది చర్చి మగ అధికారులు, ఆడవాళ్ళని అడక్కుండానే. తొంభై ఏళ్ళ ఎమ్మెలిన్ వెల్స్‌కి అది గుచ్చుకుంది. తర్వాత క్షమాపణ చెప్పారు లెండి.

రిలీఫ్ సొసైటీకి 1956లో సాల్ట్‌లేక్‌లో సొంత భవనం వచ్చింది, దానికోసం ఒక్కో సభ్యురాలినీ ఐదు డాలర్లు ఇమ్మని అడిగారు. బెల్ స్పాఫర్డ్ అనే ఆవిడ 1945 నుంచి 1974 దాకా అధ్యక్షురాలు. ఆవిడ కళ్ళ ముందే 1970లో సంఘం డబ్బు, బడ్జెట్ చర్చి ఖాతాలోకి పోయాయి, 1915 నుంచి నడిచిన సంఘం పత్రిక ఆగిపోయింది. బదులుగా 1971 నుంచి చర్చిలోని పెద్దయిన ప్రతి స్త్రీ, చందా లేకుండా, దానంతటదే సభ్యురాలు. ఇప్పుడు 70 లక్షలకి పైమాటే. సంఖ్య పెరిగింది, పెట్టె తాళం పోయింది.

నంద్యాల_నవీన
మా డ్వాక్రా గ్రూపులో పుస్తకం, తాళం, సంతకం మూడూ ముగ్గురాడవాళ్ళ దగ్గర ఉంటాయి. వాళ్ళని ఒకసారి కర్నూలు పంపండి.

వడ్లగింజ
అడిగినవాళ్ళని ఏం చేస్తారో కూడా చెప్పండి మరి.

సాల్ట్‌లేక్_శీను
ఆడవాళ్ళకి సమాన హక్కుల కోసం అమెరికా రాజ్యాంగానికి ప్రతిపాదించిన సవరణకి మద్దతుగా చర్చిని బహిరంగంగా ఎదిరించిన సోనియా జాన్సన్‌ని 1979లో వెలివేశారు. ఆడవాళ్ళకి యాజకత్వం ఇవ్వాలని ఉద్యమం నడిపిన కేట్ కెల్లీని 2014లో. నిర్ణయం తీసుకున్న బల్ల చుట్టూ ఉన్నది మగవాళ్ళే.

సికింద్రాబాద్_సిస్టర్
ఆ ఇద్దరూ అడిగినందుకు కాదు, చర్చికి ఎదురుగా జనాన్ని కూడగట్టినందుకు. అడిగేవాళ్ళు మా క్లాసులోనూ ఉన్నారు, నేనూ అడిగాను. బిషప్‌తో ఇంటర్వ్యూకి ఒంటరిగా వెళ్ళడం ఇబ్బంది అని చాలామంది అన్నారు, ఇప్పుడు కావాలంటే ఇంకో మనిషిని తోడు పెట్టుకోవచ్చు, 2018 నుంచి.

కామెంట్_కామేశ్వరి
@సికింద్రాబాద్_సిస్టర్ మిమ్మల్ని ఒప్పించాలని లేదు. కానీ 2024 మార్చిలో రిలీఫ్ సొసైటీ నాయకురాలు ఒకరు, ఆడవాళ్ళకి ఇంత అధికారం ఇచ్చిన మత సంస్థ ప్రపంచంలో ఇంకోటి లేదన్నట్టు మాట్లాడితే, చర్చి ఇన్‌స్టాగ్రామ్ కింద వేల కామెంట్లు పడ్డాయి. రాసినవాళ్ళలో ఎక్కువమంది మీ సిస్టర్సే. నేను కూర్చుని రెండు గంటలు చదివాను, పప్పు మాడింది.

పప్పుచారు_99
పప్పు మాడిందన్న చోట నాకు నిజంగా బాధ కలిగింది.

సికింద్రాబాద్_సిస్టర్
నేనూ చదివాను అవి. కొన్నిటికి లైక్ కూడా కొట్టాను. ఏవి అని అడక్కండి.

మాజీ_మిషనరీ_వైజాగ్
అక్కా, ఆ ఒక్క మాటకి మీకు వంద లైకులు.

గుంటూరు_మిర్చి
ఆలస్యంగా చూశా. చియేకో ఒకజాకి గురించి ఎవరూ చెప్పలేదే? హవాయిలో జపాన్ కూలీల బిడ్డ, బౌద్ధ కుటుంబం, పదిహేనో ఏట ఆ చర్చిలో చేరింది. 1990లో రిలీఫ్ సొసైటీ మొత్తానికి అధ్యక్ష బృందంలోకి వెళ్ళిన మొదటి తెల్లజాతి కాని స్త్రీ. ఆడపిల్లల మీద అత్యాచారాల గురించి ఆ రోజుల్లోనే ధైర్యంగా మాట్లాడింది. మా అక్క ఆ చర్చి మనిషి కాదు, అయినా ఆవిడ ప్రసంగాలు వింటుంది.

లెహై_వదిన
అందరివీ చదివాను, కొన్ని రెండుసార్లు. నిన్న గిన్నెలు ఇచ్చొచ్చాను. ఆరింటిలో పులిహోర, ఏడో దాంట్లో సున్నుండలు. ఎండుమిర్చి తీసేశాను, ఇంగువ తగ్గించాను.

పక్క వీధి ఆవిడ లోపలికి రమ్మంది. టీ లేదు కదా, వేడి చాక్లెట్ ఇచ్చింది. ఉండబట్టలేక ఆ గుండ్రం సంగతి అడిగేశాను. ఆవిడ కాసేపు కప్పు తిప్పుతూ కూర్చుంది. "నా మొదటి కొడుకప్పుడు నేనూ అడిగాను, బిడ్డని నేను పట్టుకుని మధ్యలో కూర్చుంటానని. అప్పటి బిషప్ వద్దన్నాడు. నాలుగో పిల్లకి అడగడం మానేశాను" అంది. కూతురు అడిగిందా అంటే, "అడిగింది. నేనే ఊరుకోమన్నాను" అంది. తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. పిల్ల లేచింది, వచ్చేశాను.

ఇంకో సంగతి. సైనప్ షీట్ లింకు నాకూ పంపారు. చివరి వీధి ముసలావిడకి తుంటి ఆపరేషన్. గురువారం ఖాళీగా ఉంటే నా పేరు రాసేశాను. కారం తినలేరు, ఉల్లిపాయ పడదట. ఏం వండాలి?

పప్పుచారు_99
నన్ను అడుగుతున్నారా?

నంద్యాల_నవీన
పెసరకట్టు చెయ్యండి, మెత్తగా. మిరియాలు నాలుగే.

సికింద్రాబాద్_సిస్టర్
గిన్నె అడుగున టేప్ మీద మీ పేరు రాయడం మర్చిపోకండి వదినా. లేకపోతే తిరిగి రాదు.